బీరన్న జాగా

గుర్వమ్మ కొంగుముడి విప్పి, కవరులో చుట్టిన కాగితాన్ని కౌంటరు మీద పరిచేసరికి అజీజా బేగం ఎవరిదో పెళ్లికార్డుకు అంచు దిద్దుతోంది. మౌసు వదలకుండానే ఓరకంట చూసింది. చూసినదల్లా చెయ్యి ఆపేసింది.

కాగితమంతా నీలమూ గులాబీ కలిసి కారిపోయి ఉంది. పైన తలపాగా కావచ్చుననిపించే తెల్లటి మరక. కింద ఒక గొర్రెపిల్ల, భుజాల మీంచి వేలాడుతున్న దాని కాళ్లను గట్టిగా పట్టుకున్న ఒక మగచెయ్యి. ఆ చెయ్యీ, గొర్రెపిల్లా ఎలాగో మిగిలాయి. నడుమ ఉండవలసిన ముఖం మాత్రం లేదు.

"వానకు ఇల్లు కురిసింది బిడ్డా," అంది గుర్వమ్మ. "గోడకున్నోడు గోడకే కారిపొయ్యిండు. ఇంకోటి తీసియ్యి. పెత్తరమాసనాడు ముంగట పెట్టుకొని ఆయన పేర బియ్యమియ్యాలె."

అజీజాకు అంతా గుర్తొచ్చింది. పోయిన ఏడాది, భర్త పోయాక దినాల కర్మకు ముందు, ఈ ముసలమ్మే అచ్చంపేట బస్సు దిగి వచ్చింది. భర్త బీరన్న ఎప్పుడో జాతరలో తీయించుకున్న ఫోటో తెచ్చింది. మడతపడి, ఎడమకంటి మీదుగా తెల్లటి గీత పడ్డ ఫోటో. స్కానర్‌లో పెట్టి, ఆ కన్ను బాగుచెయ్యడానికి అజీజా ఒక పూటంతా కూర్చుంది. కుడికన్ను చూసి ఎడమకన్ను దిద్దింది. అలా ఒక మనిషి కన్ను దిద్దుతూ కూర్చుంటే ఆ మనిషి మనకు చుట్టమైపోతాడు.

"పాత ఫోటో ఏదవ్వా? అది తెస్తే మల్ల స్కాన్ చేస్త."

"అదేడిది? దినాలనాడు సమాధి కట్టంగ రాయి కింద పెట్టిన. గా ఫోటో అంటే ఆయనకు పానం. మనిషితోటే పోనీ అనుకున్న." గుర్వమ్మ నవ్వింది. ఇంత సంగతి తెలియదా అన్న నవ్వు అది. "నాకేం ఫికర్? కంప్యూటర్ల ఉంటదవ్వా, ఎన్నిమాట్లన్న తీసిస్త అంటివి గద నువ్వు."

అన్నది. అక్షరం పొల్లుపోకుండా ఆ మాటే అన్నది. ఆమెతోనే కాదు, ఫోటో తెచ్చిన ప్రతి మనిషితోనూ అన్నది. అలా అనమని చెప్పింది ఓనరు అమరేందర్. "కంప్యూటర్ల ఉంటదని చెప్పు. మల్ల మన దగ్గరికే వస్తరు," అని మొదటిరోజే నేర్పాడు.

కంప్యూటర్‌లో లేదని తెలిసి కూడా అజీజా వెతికింది. పేరు కొట్టి చూసింది, ఫోల్డర్లన్నీ తెరిచి చూసింది. తన చేత్తో తీసేసిన ఫైలు తనకు దొరుకుతుందా?

"కరెంటు సరిగ్గ లేదవ్వా," అంది తల తిప్పకుండా. "సోమారం రా."

"సోమారమే వస్త. పెత్తరమాసకింక టైమున్నది గద." గుర్వమ్మ తడిసిన కాగితాన్ని కౌంటరు మీదే వదిలి, చెప్పులు వేసుకుని బస్టాండు వైపు నడిచింది. ఎంతో నమ్మకంగా నడిచింది.

జడ్చర్ల బస్టాండుకు ఎదురుసందులో ఉన్న ఆ కంప్యూటర్ సెంటర్‌లో శనివారం సాయంత్రం ఒక తంతు ఉండేది. అమరేందర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవాడు. అజీజా డిస్కులో ఉన్న పేర్లు ఒక్కొక్కటే చదివేది. "ప్రింట్ తీస్కపోయిండ్రా? అయితే తియ్యి," అనేవాడు. తీసేది. పెళ్లికార్డులు, సినిమాహాలు స్లైడ్లు, దుకాణాల బిల్లుపుస్తకాలు పోతే ఆమెకు ఏమీ అనిపించేది కాదు. ఫోటోల దగ్గర చెయ్యి ఆగేది. బాదేపల్లి కవల పిల్లలు, లారీ డ్రైవరు వాళ్లమ్మ, పాము కరిచి పోయిన పెళ్లికూతురు. "ఉండనిద్దాం సార్" అంటే అమరేందర్ విసుక్కోకుండా, పెద్దన్నలా చెప్పేవాడు. "ఉండనియ్యొచ్చు. జాగా ఏదీ మరి?" ఫ్లాపీలో పెట్టుకుందామంటే ఫోటో ఫైలు ఫ్లాపీలో పట్టదు. డిస్కు రెండు గిగాలు. తెర మీద అలాగే కనిపించేది. ఆ రెండూ ఎప్పుడూ నిండే ఉండేవి. జాగా లేనప్పుడు ఏ మనిషి మాత్రం ఏం చేస్తుంది?

అమరేందర్ చెడ్డవాడని చెబితే అబద్ధమవుతుంది. జీతం ఒకటో తారీఖునే ఇస్తాడు. రంజాన్ నెలలో అజీజాను పొద్దుగూకక ముందే ఇంటికి పంపిస్తాడు. అతనికున్నది ఒకటే యావ: జడ్చర్లలో ఎవరూ చెయ్యనిది తాను ముందు చెయ్యాలి. ఆ వారం అతని నోట, విండోసు లాగే మిషన్‌ను నడిపే లైనక్స్ తప్ప మరో మాట లేదు. హైదరాబాదులో ఒక పత్రికతోపాటు ఉచితంగా ఇచ్చిన సీడీ తెచ్చాడు. "లైనక్స్ నేర్పబడును" అని బోర్డు కూడా రాయించాడు. గురువారం క్లాసు మొదలు. లైనక్స్ అంటే ఏమిటో అతనికీ సరిగ్గా తెలియదన్నది వేరే సంగతి.

"ఒక్కటే మిషిన్ల విండోసు ఉంటది, లైనక్సూ ఉంటది," అన్నాడు శనివారం పొద్దున పత్రిక ఆమె ముందు పడేస్తూ. "ఆన్ జేసినప్పుడు ఏది కావాలని అదే అడుగుతది. డిస్కును భాగాలు పంచాలెనంట. ఎంతెంతనో గిండ్ల రాసిండ్రు. నువ్వు చదివి సమజ్ చేసుకో."

"పంచనీకె జాగా ఏది సార్?"

"జాగా సంగతి నేను చూస్కుంట. నువ్వు చదువు." ఈలవేసుకుంటూ టీ చెప్పడానికి వెళ్లాడు.

కొత్త డిస్కు కొంటాడు కాబోలు అనుకుంది అజీజా. కరెంటు పోతే గడప దగ్గర వెలుతురులో స్టూలు వేసుకుని చదివింది. పత్రికలో విషయం విడమరిచే చెప్పారు. లైనక్స్‌కు కనీసం మూడు భాగాలు. మిషన్ లేవగానే మొట్టమొదట చదవవలసిన ఫైళ్లకు బూట్ అనే చిన్న భాగం, పదహారు మెగాలిస్తే దానికి ఎక్కువ. జ్ఞాపకశక్తి చాలనప్పుడు మిషన్ తాత్కాలికంగా వాడుకునేందుకు స్వాప్, ఉన్న ర్యామ్‌కు రెట్టింపు. తక్కిన సరుకంతా రూట్‌లో. ఇవి కాక ఎవరికైనా వేరే భాగం కావాలంటే తమకు నచ్చిన పేరుతో పెట్టుకోవచ్చు. చివర ఒక హెచ్చరిక: బూట్ భాగం డిస్కులో మరీ దూరాన, వెయ్యిన్నీ ఇరవైనాలుగో సిలిండరు దాటి ఉంటే మిషన్‌కు అది అందదు, లేవనే లేవదు. అందుకని ముందు మీ డిస్కుకు ఎన్ని సిలిండర్లున్నాయో సెటప్ తెరలో చూసుకోండి.

సిలిండరంటే ఏమిటో ఆమెకు అంతగా అర్థం కాలేదు. లేవదన్న మాట మాత్రం బాగా అర్థమైంది. గురువారం మిషన్ లేవకపోతే పరువు పోయేది అమరేందర్‌దైనా, మాట పడేది తనే. కరెంటు రాగానే మిషన్ ఆన్ చేసి, డిలీట్ మీట నొక్కిపట్టింది. నీలం తెర వచ్చింది. సిలిండర్లు ఐదువందల చిల్లర. హమ్మయ్య అనుకుంది. పరవాలేదు, బూట్ ఎక్కడున్నా అందుతుంది.

ఆ వరసలోనే పక్కన ఇంకో అంకె ఉంది. సైజు. నాలుగువేల మూడువందల పది మెగాలు.

మొదట తానే తప్పు చదివాననుకుంది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ చదివింది. రెండు గిగాల డిస్కుకు నాలుగువేల మూడువందలేమిటి? ఈ తెర అబద్ధం చెబుతోందా, ఇన్నాళ్లూ చూసిన తెర చెప్పిందా? పత్రికలో రాసినట్టే డాస్‌లోకి వెళ్లి ఎఫ్‌డిస్క్ అని కొట్టింది. ఉన్న భాగాలు చూపించమంది. ఒక్కటే వరస వచ్చింది. ఒకే ఒక భాగం, దాని చివర: యాభై శాతం.

సగం. డిస్కులో సగమే వాడుకలో ఉంది. రెండో సగం ఎవరి పేరా లేదు. గీత గియ్యలేదు, ముట్టుకోలేదు, అందులో ఏనాడూ ఏమీ రాయలేదు.

అజీజా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. బయట కండక్టరెవరో మహబూబ్‌నగర్, మహబూబ్‌నగర్ అని అరుస్తున్నాడు. ఆ అరుపు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. కవల పిల్లలు కళ్ల ముందుకొచ్చారు. పెళ్లికూతురు ముక్కుపుడక వచ్చింది, పిక్సెలు పిక్సెలుగా తాను నిలబెట్టిన ముక్కుపుడక. బీరన్న ఎడమకన్ను వచ్చింది. వీళ్లందరినీ జాగా లేదని తీసేసింది. ఆమె తీసేస్తున్న ప్రతి శనివారమూ ఆ పక్కనే అంత జాగా ఖాళీగా పడి ఉంది.

అమరేందర్ టీ గ్లాసులతో వచ్చేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. తెర కూడా మార్చలేదు.

"సార్, డిస్కుల సగం ఖాళీగ ఉన్నది."

అతను ఉలిక్కిపడతాడనుకుంది. తనలాగే నోరు తెరుస్తాడనుకుంది. కనీసం బొంకుతాడని కూడా అనుకుంది. అతను గ్లాసు ఆమె ముందు పెట్టి, హాయిగా నవ్వాడు.

"దొరకవట్టినవా? హుషారే. అందుకే అన్న, జాగా సంగతి నేను చూస్కుంటనని."

"మీకెరికేనా?"

"ఎరికెందుకు లేదు? కొన్ననాడే ఎరికె. గీ విండోసు ఒక్క భాగం రెండు గిగాల కన్న పెద్దది చెయ్యనియ్యదు. రెండోది డీ అని పెడ్త సార్ అన్నడు బిగించినాయన. వద్దు, గట్లనే ఉంచుమన్న." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు, ఏదో వ్యాపార రహస్యం చెప్పేవాడిలా. "జాగా ఉందంటే మనిషి నింపుతనే ఉంటడు అజీజా. లేదంటేనే సాఫ్ చేసుకుంటడు. చూడు, మన మిషిన్ ఎంత సాఫ్‌గ ఉంటదో. బస్టాండు కాడ ఎవ్వని మిషిన్ గిట్లున్నదో చెప్పు."

దాచినందుకు కూడా కాదు ఆమెకంత దెబ్బ తగిలింది. అతను ఇప్పుడు చెబుతున్న తీరుకు. అందులో తప్పున్నట్టు అతనికి తట్టనే లేదు. మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

"ఫోటోలు తీసేసిన సార్ నేను. మనుషుల ఫోటోలు."

"ప్రింట్లు తీస్కపోయిండ్రు గద."

"గుర్వమ్మవ్వ సోమారం వస్తది. వాళ్లాయన ఫోటో ఇంకోటి తీసియ్యమన్నది. ఆమె దగ్గర ఏం లేదింక. కంప్యూటర్ల ఉన్నదన్నం గద మనం."

అమరేందర్ రెండు గుక్కలు టీ తాగాడు. "వైరస్ వచ్చింది, పోయిందని చెప్పు. దానికేం? ఇగ విను, ఖాళీల ఒక్క గిగ లైనక్స్‌కియ్యి. మిగిలింది గట్లనే ఉండనియ్యి. క్లాసుకొచ్చే పోరగాళ్లకు జాగా ఉన్నట్టు ఎరికగావద్దు. నీకూ నాకే ఎరికె."

నీకూ నాకే అన్న మాటతో అజీజా టీ గ్లాసును పక్కకు జరిపింది. నిన్నటిదాకా ఆమెకు తెలియదు, ఆ పాపం అతనిదే. రేపట్నుంచి ఎవరితోనైనా జాగా లేదంటే, అది ఆమె చెప్పిన అబద్ధం.

సోమవారం గుర్వమ్మ పొద్దున్నే దిగింది. చేతిలో కొత్త ఫ్రేము. అద్దం ఉన్నది, ఈసారి వాన పడ్డా ఏమీ కాకుండా. అజీజా అప్పటికే లైనక్స్ సీడీ పెట్టి, డిస్కును పంచే తెర దాకా వచ్చి ఆగి ఉంది. ఆమె నోరు తెరిచేలోపే అమరేందర్ కౌంటరు దగ్గరికొచ్చి ఎంతో మర్యాదగా చెప్పేశాడు.

"అవ్వా, మిషిన్‌కు వైరస్ వచ్చింది. అంటే రోగమన్నట్టు. మీ ఫోటో అండ్లనే పోయింది. మేమేం చేస్తం చెప్పు."

గుర్వమ్మ కాసేపు అతని ముఖం చూసింది. తర్వాత మిషన్ వైపు చూసింది. పొడుగు నిట్టూర్పు విడిచింది.

"రోగమొస్తె ఎవ్వలేం చేస్తరు సారూ. పోయినేడు మా మందకు గాలికుంటొచ్చి సగం జీవాలు కుంటినయి." అజీజా వైపు తిరిగింది. "బాగయిందా బిడ్డా మల్ల? నీ పనికేం తక్లీఫ్ లేదు గద?"

మిషన్ మీద జాలి. అజీజా మీద కూడా జాలి. ఊరుకుంటే అయిపోతుంది. ముసలమ్మ రోగాన్ని నమ్మి, ఫ్రేము చంకన పెట్టుకుని బస్సెక్కుతుంది. అమరేందర్ టీ చెబుతాడు. ఒకటో తారీఖున జీతం వస్తుంది. అంతా సాఫ్‌గా ఉంటుంది.

"రోగం రాలేదవ్వా," అంది.

"అజీజా," అన్నాడు అమరేందర్.

"రోగం రాలేదు. నేనే తీసేసిన. గీ చేత్తోనే. జాగా లేదని తీసేసిన. జాగా ఉండె, నాకెరికె లేకుండె. మొన్ననే ఎరికైంది."

గుర్వమ్మకు వెంటనే అందలేదు. పెదవులు కదిపి ఆ మాటలు మళ్లీ తనలో తాను అనుకుంది. "జాగా ఉండంగనే తీసేసిండ్రా?"

"ఉండంగనే."

"ఎంత జాగ?"

అజీజా మానిటరును ఆమె వైపు తిప్పింది. ఎంత ఖాళీ ఉందో అక్కడ ఒక పొడుగాటి గీతలా కనిపిస్తోంది. గుర్వమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది. వేలుతో అద్దం మీద ఆ గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. "గిదంతా ఖాళే?" అంది. "ఖాళే అవ్వా." "మా బీరన్నకు ఎంత కావాల్సుండె?" అజీజా గోరు అంచు పెట్టి చూపించింది. నిజానికి గోరంత కూడా అక్కర్లేదు.

గుర్వమ్మ గడప మీద కూలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. తిడుతుందనే అజీజా నిలబడింది. తిడితే బాగుండుననే నిలబడింది.

"నేనే గద రాయి కింద పెట్టింది," అంది ముసలమ్మ చివరికి, ఎవరితోనూ కాదు, సందులోకి చూస్తూ. "నా చేతులార నేనే పెట్టిన." లేచి, ఫ్రేము కౌంటరు మీదే మరిచిపోయి వెళ్లిపోయింది. అజీజా పిలిచినా వెనక్కి చూడలేదు.

అమరేందర్ ముఖం ఎర్రగా కందింది. "ఏమొచ్చింది చెప్పి? రోగమంటే ఊకునేది. ఇప్పుడు ఊకున్నదా?" ఆ మాటలో నిజముంది, అదే అజీజాను ఎక్కువ కోసింది. అతను గురువారం క్లాసుకు పూలదండలు, మైకు మాట్లాడటానికి బాదేపల్లి వెళ్లిపోయాడు.

ఆమె ఒక్కతే మిగిలింది. తడిసిన కాగితాన్ని స్కానర్‌లో పెట్టడానికి మిషన్‌ను విండోస్‌లోకి తెచ్చింది. ముఖం లేని బీరన్నను స్కాన్ చేసింది. ముఖం దిద్దడానికి ప్రయత్నించలేదు. ఆ కన్ను తన చేతికి గుర్తున్నట్టే ఉంది, కాని గుర్తున్నదాన్ని గీసి అదే నీ మొగుడని ఒక ఆడమనిషికి ఇవ్వడం ఇంకో అబద్ధం. చేతినీ గొర్రెపిల్లనూ మాత్రం శుభ్రం చేసి, వాటి చుట్టూ కత్తిరించి, ప్రింటు తీసి ఫ్రేములో పెట్టింది.

మళ్లీ సీడీ పెట్టింది. పంపకాల తెర వచ్చింది. బూట్‌కు పదహారు. స్వాప్‌కు నూట ఇరవై చిల్లర. రూట్‌కు ఒక గిగ, ఓనరు చెప్పినంతే. ఆ గీతలో ఇంకా మిగిలింది. ఇక్కడ ఆపమనే అతను చెప్పింది. అజీజా కాసేపు చూసింది. ఉద్యోగం గుర్తొచ్చింది, ఇంట్లో అమ్మీ గుర్తొచ్చింది. కొత్త భాగం మీట నొక్కింది. ఎంత అని అడిగితే, మిగిలిందంతా అంది. పేరేమిటని అడిగింది. చాలామంది హోమ్ అని పెడతారని పత్రికలో ఉంది. ఆమె పత్రికలో ఉన్నట్టే ముందు ఒక ఏటవాలు గీత కొట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో బీరన్న అని కొట్టింది. అలాగే రాసెయ్యమంది. డిస్కు గరగరలాడి, రాసేసింది.

గురువారం క్లాసుకు పన్నెండుమంది వచ్చారు. మిషన్ మెడలో బంతిపూల దండ. ఆన్ చేయగానే ఏది కావాలని అడిగింది, అడిగినట్టే లైనక్స్ లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. అమరేందర్ పొంగిపోయాడు. సుద్దముక్క తీసుకుని బూట్ అంటే ఇది, స్వాప్ అంటే ఇది అని బోర్డు మీద రాశాడు, పత్రికలో ఉన్నది ఉన్నట్టే. తర్వాత డిస్కులో భాగాలు చూపించే కమాండ్ కొట్టమని ముందు వరసలో ఉన్న యోహానుకు చెప్పాడు. యోహాను పాలిటెక్నిక్ చదివినవాడు. కొట్టాడు, పుస్తకంలో ఎక్కించుకుంటూ ఆగాడు.

"సార్, బూట్ చెప్పిండ్రు, రూట్ చెప్పిండ్రు. గీ బీరన్నంటే ఏంది సార్?"

"అది లైనక్స్‌ల ఒక సిస్టం పేరు," అన్నాడు అమరేందర్ తడుముకోకుండా. పన్నెండు పెన్నులూ రాసుకున్నాయి. అప్పుడు అతను తెర వైపు తిరిగాడు. పేరు చదివాడు. పక్కన సైజు చదివాడు. డిస్కు మొత్తం మనసులో కూడుకున్నాడు కాబోలు, పెదవులు కదిలాయి. మెల్లగా అజీజా వైపు చూశాడు.

"సిస్టం పేరు కాదు," అంది అజీజా కూర్చున్నచోటి నుంచే. "గొర్లు కాసేటాయన. పోయినేడు జాగా లేదని తీసేసినం."

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. యోహాను ఆమెనూ తెరనూ మార్చి మార్చి చూశాడు. "ఇప్పుడెట్లొచ్చిందక్కా జాగా?"

"రాలేదు. ఎప్పుడూ ఉండె."

అమరేందర్ ఆమె దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "తీసెయ్యి."

అజీజా కీబోర్డును అతని వైపు జరిపింది. "తీసేసుడు ఇగ నాతోని కాదు సార్. మీరే తియ్యిండ్రి."

అతను కీబోర్డు మీద చెయ్యి పెట్టాడు. క్లాసంతా చూస్తోంది. ఒక్క మీట కూడా నొక్కలేదు. కమాండ్ తెలియక ఆగాడో, తెలిసే ఆగాడో అజీజాకు తెలియలేదు. కాసేపటికి అతను చెయ్యి తీసి, బోర్డు దగ్గరికెళ్లి, రూట్ కింద నాలుగో పేరు రాశాడు. దాని ఎదుట ఏం రాయాలో తెలియక సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు.

అజీజా కౌంటరు కింది నుంచి ఫ్రేము తీసి కొంగుతో తుడిచింది. "అచ్చంపేట బస్సుకు పోతున్న సార్," అంది. "గుర్వమ్మవ్వకు ఇచ్చొస్త. తీసుకుంటదో, నా ముఖానే కొడ్తదో."

అతను బోర్డు వైపే తిరిగి ఉన్నాడు.

సందు దాటుతుంటే వెనకనుంచి యోహాను గొంతు వినబడింది. "సార్, బీరన్న ఎదుట ఏం రాసుకోవాలె?"

అజీజా ఆగి విన్నది. బస్సు హారను కొడుతున్నా ఆగి విన్నది. తర్వాత ఫ్రేమును చంకన పెట్టుకుని బస్సెక్కింది.